తోంకా వాటా

జూన్ ముప్పై. పోర్ట్ లింకన్‌లో చలికాలం.
రేవు మీద వలలు ఆరవు,
నా టీ మాత్రం ఆరిపోతుంది.
అర్ధరాత్రి లోపు
ఒక కుటుంబం సంవత్సరాన్ని పంచిపెట్టాలి.

ఎదురు కుర్చీలో స్టిపాన్.
మోచేతుల దాకా సార్డీన్ పొలుసులు.
పోయిన జూన్‌లో రాలినవి
కుర్చీ సందులో ఇంకా మెరుస్తున్నాయి.
మూడు పడవలు, ఒక ఐసు గది,
లాభం నాలుగు లక్షల పన్నెండు వేల డాలర్లు.
"అంతా నా పేర రాస్తే
సగానికి సగం పన్నుకే పోతుంది కదా" అన్నాడు.
ఏటా అదే దిగులు.
ఏటా నాదీ అదే ప్రశ్న:
మీ ఇంట్లో ఎంతమంది?

తిలాపాపం తలా పిడికెడు అంటారే,
మేం లాభాన్ని అలా పంచేవాళ్ళం.
భార్య నెవెంకాకి కొంత.
అడిలైడ్‌లో చదివే కూతురికి
పద్దెనిమిదో పుట్టినరోజు కేకు ఎండకముందే కొంత.
తాగుడు మానేసి వెల్డింగ్ నేర్చుకుంటున్న
తమ్ముడు మ్లాదెన్‌కి కొంత.
మిగిలింది తల్లి తోంకాకి.
ఎనభై మూడేళ్ళు, వేరే రాబడి లేదు.
గిన్నె ఎంత ఖాళీగా ఉంటే
అంత పనికొస్తుంది మాకు.
ఈ వృత్తిలో లేమి కూడా ఒక పనిముట్టే.

తప్పు చేశానని కాదు.
చట్టం గీసిన గీత నాకు కంఠతా వచ్చు.
కాలు ఇవతలే ఉండేది,
నీడ మాత్రం అవతల పడేది.

తీర్మానం కింద ఆమె సంతకం
తడిసిన తాడు ముడిలా ఉండేది.
ఏం రాశారని అడిగేది కాదు.
"పన్ను కోసమే అమ్మా" అనేవాడు స్టిపాన్.
డబ్బు పడవ దిగేది కాదు.

ఈసారి ఆమె కూడా వచ్చింది.
మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుని,
బిస్కెట్ల డబ్బా నా బల్ల మీద పెట్టింది.
లోపల పదకొండేళ్ళ పన్ను ఉత్తరాలు
ఇస్త్రీ చేసినంత బాగా మడిచి ఉన్నాయి.
"మనవరాలు ఫోన్లో కూడి చెప్పింది.
ఐదు లక్షల తొంభై వేలు సంపాదించానట.
పన్ను కూడా కట్టానట, నేను!
కళ్ళజోడు అద్దం పగిలి రెండేళ్ళయింది, చూడు."

"అది ఉత్త కాగితం మీద లెక్క, అమ్మా!"
స్టిపాన్ నవ్వాడు.
నేను నవ్వలేదు.
ఆ కాగితం టైపు చేసింది నేనే.
పన్ను పోగా మిగిలిందంతా
కొడుకు తల్లికి పడ్డ బాకీ అని
అందులో, ఎవరూ చదవని మూడో పేజీలో, ఉంది.

ఆమె కోపంగా లేదు. చేతులు చూసుకుంటూ అంది:
"అరవై నాలుగులో ఓడ దిగాను.
దిగిన వారానికే మీ నాన్న కత్తి చేతికిచ్చాడు.
ఇరవై ఆరేళ్ళు చేపల కడుపులు చీల్చాను.
చలికి వేలు తెగినా తెలిసేది కాదు,
నెత్తురు చూసి తెలుసుకునేదాన్ని.
అప్పుడు ఏ పుస్తకంలోనూ నా పేరు లేదు.
ఇంటి పనే కదా, అన్నాడు.
ఇప్పుడు పని లేదు, జీతం ఉందట.
నా పనీ నీ దగ్గరే ఉంది, నా జీతమూ నీ దగ్గరే ఉంది."

కాసేపు గాలి కిటికీని ఊపింది.
"అంతా వద్దు" అంది.
"మూడో పడవ ఇవ్వు చాలు.
దాని మీద ఎలాగూ నా పేరే రాశావు."

స్టిపాన్ నావైపు చూశాడు,
గీత ఎటుందో చెప్పమన్నట్టు.
నేను ఫారం వైపు చూశాను.
నెవెంకా, కూతురు, మ్లాదెన్:
మూడు గడులు నిండాయి.
నాలుగో గడిలో ఏం రాయమంటారు?

అతను గోటితో కుర్చీ సందులోంచి
పాత పొలుసొకటి గీకుతున్నాడు.
ఆమె కోటు బొత్తాలు కూడా విప్పలేదు,
అయినా వెళ్ళే మనిషిలా లేదు.

పదకొండు నలభై.
నేను లేచి టీ మళ్ళీ వేడికి పెట్టాను.
నా సొంత లెక్కల్లోనూ ఒక ముసలామె ఉంది,
బలారట్‌లో, మా అత్త.
ఆమె ఇంకా డబ్బా తెరవలేదు.